మారుమూల బడుల్లో విద్యార్థుల మానసిక ఆరోగ్యం

పట్టణానికి, పెద్దాసుపత్రికి, తారు రోడ్డుకు దూరంగా ఉన్న ఊళ్లలో చదువుకునే పిల్లల మనసు కుదురుగా ఉండేందుకు బడి, వసతి గృహం, ఆరోగ్య శాఖ, ఊరు కలిసి చేసే కృషి అంతా ఈ అంశం పరిధిలోకి వస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో ఇది ముఖ్యంగా ఏజెన్సీలోని ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు, వలస ప్రాంతాల ప్రభుత్వ పాఠశాలలకు సంబంధించిన విషయం. మానసిక వైద్యుడు అందుబాటులో లేని చోట పిల్లల గోడు ఎవరు వినాలి, విన్నాక ఎవరికి చెప్పాలి అన్నవి ఇందులో కీలకమైన ప్రశ్నలు. గత పదేళ్లలో చట్టాలు, పథకాలు, మార్గదర్శకాలు చాలానే వచ్చాయి. అయితే బడిలో పిల్లల మాట వినడమే పనిగా ఒక మనిషి ఉన్నప్పుడు, ఆ మనిషి నుంచి డాక్టరు దాకా దారి తెరిచి ఉన్నప్పుడే ఇవన్నీ పిల్లల దాకా చేరుతున్నాయి.

పరిధి

మానసిక ఆరోగ్యం అంటే జబ్బు లేకపోవడం ఒక్కటే కాదు. పిల్లలు హాయిగా నిద్రపోవడం, తోటివారితో కలవడం, చదువు మీద మనసు నిలపడం, కష్టం వస్తే ఎవరికైనా చెప్పుకోగలగడం కూడా అందులో భాగమే. పాఠశాలల్లో ఇందుకు చేసే సహాయం మూడు స్థాయుల్లో ఉంటుంది. మొదటిది పిల్లలందరికీ అందాల్సింది: కొట్టని, తిట్టని బడి, కడుపు నిండా తిండి, ఆటలు, జీవన నైపుణ్యాల పాఠాలు. రెండోది ఇంటి బెంగ, పరీక్షల భయం, ఇంట్లో గొడవలు, ఆప్తుల మరణం వంటి వాటితో సతమతమయ్యే కొందరికి: ఓపికగా వినడం, సలహా ఇవ్వడం, కొన్నాళ్లు కనిపెట్టి ఉండడం. మూడోది కుంగుబాటు, తీవ్రమైన ఆందోళన, ఆత్మహత్య ఆలోచనలు, మూర్ఛ, మనోవైకల్యం ఉన్న కొద్దిమందికి: వైద్యం, మందులు, కుటుంబానికి అండ. మారుమూల బడుల్లో మూడో స్థాయి దాదాపు పూర్తిగా బయటి సహాయం మీద ఆధారపడుతుంది. మొదటి రెండు మాత్రం బడి చేతిలో ఉన్నవే.

చారిత్రక నేపథ్యం

అడవి పల్లెల పిల్లలకు చదువు చెప్పేటప్పుడు వాళ్ల భాషను, బతుకును లెక్కలోకి తీసుకోవాలన్న ఆలోచన తెలుగు నేలకు కొత్త కాదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్ తిరుగుబాటు తర్వాత గోండుల స్థితిగతుల అధ్యయనానికి నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్‌ను ఆదిలాబాద్ ప్రాంతానికి పంపింది. ఆయన చొరవతో 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి వాచకాలు తయారయ్యాయి. పిల్లలకు తమవాళ్లే పంతుళ్లయ్యారు.

స్వాతంత్ర్యం తర్వాత చెదురుమదురు గూడేలన్నింటిలో ఉన్నత పాఠశాలలు పెట్టడం సాధ్యం కాక, పిల్లలను ఒకచోట ఉంచి చదివించే ఆశ్రమ పాఠశాలలు పెరిగాయి. 1971లో పి.వి.నరసింహారావు చొరవతో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో ప్రారంభమైన గురుకుల పాఠశాల రెసిడెన్షియల్ విద్యకు నమూనా అయింది. 1997-98 నుంచి ఏకలవ్య ఆదర్శ గురుకులాలు, 2004 నుంచి కస్తూర్బా విద్యాలయాలు వచ్చాయి. ఇంట్లో మొదటిసారి బడి గడప తొక్కిన లక్షల మందికి ఈ బడులు జీవితం ఇచ్చాయి. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ 2014 మే 25న 13 ఏళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. అయితే ఈ వ్యవస్థలో తిండి, బట్ట, పుస్తకం, పరీక్షలకు నిబంధనలు, అధికారులు, లెక్కలు ఏర్పడినంతగా పిల్లల మనసు బాగోగులకు ఏర్పడలేదు.

సమస్య విస్తృతి

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 10 నుంచి 19 ఏళ్ల వారిలో ప్రతి ఏడుగురిలో ఒకరు ఏదో ఒక మానసిక సమస్యతో బతుకుతున్నారు. బెంగళూరులోని నిమ్‌హాన్స్ 2015-16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13–17 ఏళ్ల వారిలో 7.3 శాతం మందికి మానసిక రుగ్మతలున్నాయని తేల్చింది. మహానగరాల్లో ఇది 13.5 శాతం, గ్రామాల్లో 6.9 శాతం. పల్లె అంకె చిన్నదే అయినా, పల్లెలో అవసరమైన వారికి చికిత్స దొరికే అవకాశం అంతకంటే చిన్నది. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని అదే సర్వే చెప్పింది. దేశంలో లక్ష మంది జనాభాకు ఒక్క మానసిక వైద్యుడు కూడా లేడు. ఉన్నవారిలో అత్యధికులు నగరాల్లోనే ఉన్నారు.

ఎన్‌సీఈఆర్‌టీ 2022లో 6 నుంచి 12వ తరగతి వరకు చదివే సుమారు 3.8 లక్షల మంది విద్యార్థుల అభిప్రాయాలు సేకరించింది. చదువు, పరీక్షలు, ఫలితాలే తమ ఆందోళనకు కారణమని వారిలో 81 శాతం మంది చెప్పారు. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం ఆ ఒక్క ఏడాదిలోనే దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఇలాంటి మరణాల్లో చాలావాటికి ముందు, ఎవరైనా ఆగి పలకరించి ఉంటే ప్రాణం నిలిచే అవకాశం ఉన్న రోజులు కొన్ని ఉంటాయి. నివారణ కార్యక్రమాలన్నీ ఆ రోజుల కోసమే.

కారణాలు

ఇంటికి దూరం. ఏజెన్సీలో చాలామంది పిల్లలు మూడో తరగతిలోనో, ఐదో తరగతిలోనో వసతి గృహానికి వస్తారు. ఎనిమిదేళ్ల పిల్ల ట్రంకు పెట్టె పట్టుకుని, అమ్మ చెయ్యి వదిలి, వందల మంది మధ్య పడుకోవాలి. మొదటి నెలలో రాత్రిళ్లు ఏడవడం, పక్క తడపడం, అన్నం ముట్టకపోవడం, కడుపు నొప్పి అనడం మామూలే. దసరా, సంక్రాంతి సెలవుల తర్వాత ఇవి మళ్లీ తలెత్తుతాయి. విశాఖ మన్యంలో ఇటుకల పండగ, ఆదిలాబాద్‌లో దండారి, నాగోబా జాతర సమయంలో ఇంటికి పోయిన పిల్లలు ఆలస్యంగా రావడం, కొందరు రాకపోవడం ఉపాధ్యాయులకు తెలిసిందే. హాజరు పట్టీలో ఇది గైర్హాజరుగానే నమోదవుతుంది. పిల్లల వైపు నుంచి చూస్తే అది ఇంటి మీద బెంగ.

భాష. ఇంట్లో కోయ, గోండి, కొలామి, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, లంబాడీ మాట్లాడే పిల్లలకు బడిలో తెలుగు, దాని మీద ఇంగ్లిష్ ఎదురవుతాయి. మాట అర్థం కాక మౌనంగా కూర్చున్న పిల్లలకు మొద్దు అన్న ముద్ర పడుతుంది. ఆ ముద్రతోనే పిల్లల ఆత్మవిశ్వాసం కుప్పకూలుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం ఈ ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో పాఠ్యపుస్తకాలు తెచ్చింది. చదువు నేర్పే మార్గంగా వచ్చిన ఈ కార్యక్రమం పిల్లల మనసుకూ మేలు చేసేదే. తన భాషలో మాట్లాడినందుకు ఎవరూ నవ్వని తరగతిలో కూర్చున్న పిల్లలకు భయం తగ్గుతుంది.

వలస, పేదరికం, బాల్య వివాహం. కర్నూలు పశ్చిమ మండలాల నుంచి మిరప కోతలకు, పాలమూరు నుంచి నగరాల కట్టడపు పనులకు తల్లిదండ్రులు నెలల తరబడి వెళ్తారు. పిల్లలు అవ్వాతాతల దగ్గరో, సీజనల్ హాస్టల్‌లోనో ఉండిపోతారు, లేదా బడి మానేసి వెంట వెళ్తారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20–24 ఏళ్ల స్త్రీలలో 18 ఏళ్లు నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. పదో తరగతి పరీక్షలకు సిద్ధమవుతున్న అమ్మాయికి సెలవుల్లో పెళ్లి చేస్తారేమోనన్న భయం చదువు భయానికి తోడవుతుంది.

ఒంటి ఆరోగ్యం. రక్తహీనత, మలేరియా, సికిల్ సెల్ వ్యాధి, చాలని నిద్ర పిల్లలను నీరసింపజేస్తాయి. నీరసం, చిరాకు, ధ్యాస నిలవకపోవడం చూసి బద్ధకం అనుకునే ముందు రక్త పరీక్ష చేయించడం అవసరం. మన రెండు రాష్ట్రాల్లోనూ కౌమార బాలికల్లో సగానికి మించి రక్తహీనతతో ఉన్నారు.

హింస. ఉపాధ్యాయుల దెబ్బలు, పెద్ద తరగతుల పిల్లల వేధింపు, కులం పేరుతో, రంగు పేరుతో ఎగతాళి, లైంగిక దాడి పిల్లల మనసు మీద లోతైన గాయాలు చేస్తాయి. వసతి గృహంలో ఉన్న పిల్లలకు సాయంత్రం పారిపోయి చేరుకునే ఇల్లు కూడా దగ్గర్లో ఉండదు.

గుర్తించడం

పల్లె పిల్లలు దిగులుగా ఉందని నోటితో చెప్పడం తక్కువ. తల తిరుగుతోంది, గుండె దడ, కడుపులో మంట అంటారు. ఏఎన్‌ఎం ఇచ్చిన మాత్ర వేసుకుని, మర్నాడు మళ్లీ అదే చెబుతారు. ఒక్కసారిగా మార్కులు పడిపోవడం, ఆటలకు రాకపోవడం, ఒంటరిగా కూర్చోవడం, చేతుల మీద గాట్లు, ప్రాణంగా చూసుకునే వస్తువులు పంచిపెట్టడం, తాను లేకపోతేనే అందరికీ బాగుంటుందనడం జాగ్రత్తపడాల్సిన గుర్తులు. చావాలనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. నిదానంగా, నేరుగా అడిగితే పిల్లలకు భారం దిగుతుంది, సహాయానికి దారి దొరుకుతుంది.

బాలికల వసతి గృహాల్లో ఒక అమ్మాయి కళ్లు తిరిగి పడిపోతే, చూస్తుండగానే మరికొందరు అదే తీరుగా పడిపోవడం, ఊగిపోవడం, అరవడం అప్పుడప్పుడు జరుగుతుంది. దయ్యం పట్టిందన్న మాట గంటలో ఊళ్లకు పాకుతుంది. తల్లిదండ్రులు వచ్చి పిల్లలను తీసుకుపోతారు. వైద్యశాస్త్రం దీన్ని సామూహిక మనోజనిత అస్వస్థత అంటుంది. ఇది నటన కాదు. పరీక్షల ఒత్తిడి, ఎవరిదో మరణం, చెప్పుకోలేని భయం గుంపులో శరీర లక్షణాలుగా బయటపడతాయి. ముందు కలుషిత ఆహారం, నీరు, జ్వరం కారణం కాదని నిర్ధారించుకోవాలి. తర్వాత బాధితులను జనం మధ్య నుంచి ప్రశాంతమైన గదిలోకి మార్చాలి, చుట్టూ మూగనివ్వకూడదు, బెదిరించకూడదు. తోటి పిల్లలకు జరిగింది వివరించాలి. గొడవ సద్దుమణిగాక అసలు భయం ఏమిటో ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడగాలి. ఈ చివరి పని జరగకపోతే కొన్నాళ్లకు అదే మళ్లీ మొదలవుతుంది.

మన్యంలో చాలా కుటుంబాలు ముందు పూజలు చేసే దిసారి దగ్గరకో, నాటు వైద్యుడి దగ్గరకో వెళ్తాయి. వాళ్లను దూషిస్తే కుటుంబం బడికి దూరమవుతుంది. పూజ చేయించుకోండి, డాక్టరుకూ చూపించండి, మందు ఆపకండి అని చెప్పే ఉపాధ్యాయుడి మాటే చెల్లుబాటవుతుంది.

బడిలో అందే సహాయం

మానసిక ప్రథమ చికిత్సకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే సూత్రం మూడు మాటల్లో ఉంది: చూడు, విను, కలుపు. ఎవరికి సహాయం అవసరమో గమనించాలి. తీర్పు చెప్పకుండా వినాలి. తర్వాత ఇల్లు, వైద్యం, రక్షణ ఎక్కడ అవసరమైతే అక్కడికి చేర్చాలి. పంతులుగారు, వార్డెన్, ఏఎన్‌ఎం, వంట మనిషి, పెద్ద తరగతుల అక్కలు, అన్నలు ఎవరైనా నేర్చుకోగల పని ఇది.

రెసిడెన్షియల్ బడుల్లో దినచర్యే పెద్ద మందు. కొత్తగా చేరిన పిల్లలకు అదే ఊరి, అదే భాష మాట్లాడే పెద్ద విద్యార్థిని తోడుగా ఇవ్వడం, వారానికోసారి ఇంటికి ఫోన్ చేసుకునే వీలు, రోజూ గంటసేపు ఆట, సరిపడా నిద్ర, థింసా, గుస్సాడి వంటి సొంత నాట్యాలకు బడి వేదిక మీద చోటు — ఇవి ఖర్చు లేని ఏర్పాట్లు. స్టడీ అవర్ల కోసం తెల్లవారుజామున లేపి, రాత్రి పొద్దుపోయేదాకా కూర్చోబెట్టే అలవాటు పదో తరగతి ఫలితాల పేరుతో పెరిగింది. నిద్ర తగ్గితే జ్ఞాపకశక్తీ, మనసూ రెండూ దెబ్బతింటాయి. కాబట్టి ఇది చదువుకు కూడా చేటే.

గోప్యత మరో ముఖ్య విషయం. పిల్లలు చెప్పింది స్టాఫ్‌రూమ్‌లో కబురైతే ఇక ఎవరూ నోరు విప్పరు. అయితే ప్రాణాపాయం, లైంగిక దాడి విషయంలో మౌనం పాటించకూడదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం నేరం తెలిసిన వారెవరైనా పోలీసులకు తెలపాలి, దాచితే శిక్ష ఉంటుంది. పిల్లలతో మాట మొదలుపెట్టేటప్పుడే ఈ హద్దు చెప్పేయాలి.

నలందా జిల్లా అనుభవం

గ్రామీణ బడుల్లో ఏ పద్ధతి పనిచేస్తుందో తేల్చేందుకు జరిగిన ముఖ్యమైన పరిశోధన బిహార్‌లోని నలందా జిల్లాలో సంగత్ సంస్థ చేపట్టిన సెహెర్ కార్యక్రమం. 74 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో తొమ్మిదో తరగతి చదివే 13 వేల మందికి పైగా విద్యార్థుల మీద ఇది సాగింది. బడులను మూడు గుంపులు చేశారు. ఒక గుంపులో స్థానికంగా ఎంపిక చేసి శిక్షణ ఇచ్చిన మనిషిని సెహెర్ మిత్ర పేరుతో పూర్తిస్థాయి పనికి పెట్టారు. వీరికి మనస్తత్వశాస్త్రంలో పట్టాలేమీ లేవు. రెండో గుంపులో అదే పనిని అదే బడి ఉపాధ్యాయుడికి అప్పగించారు. మూడో గుంపులో మామూలు పాఠాలే సాగాయి.

సెహెర్ మిత్ర పనులు సాదాసీదావే. ప్రార్థన సమయంలో బెదిరింపులు, హక్కులు, చదువు అలవాట్ల మీద మాట్లాడడం, గోడ పత్రిక నడపడం, పోటీలు పెట్టడం, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, విద్యార్థులతో కమిటీ నడపడం. బడిలో ఒక పెట్టె పెట్టారు. పిల్లలు పేరు రాసో, రాయకుండానో తమ కష్టం రాసి అందులో వేయొచ్చు. పేరు రాసిన వారిని పిలిచి విడిగా మాట్లాడేవారు.

2018లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితాలు స్పష్టంగా ఉన్నాయి. సెహెర్ మిత్ర ఉన్న బడుల్లో కుంగుబాటు లక్షణాలు, బెదిరింపులు, హింస తగ్గాయి, బడి వాతావరణం మెరుగుపడింది. ఉపాధ్యాయుడికి అప్పగించిన బడుల్లో మామూలు బడులతో పోలిస్తే చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. రెండో ఏడాదీ కొనసాగిస్తే మిత్ర ఉన్న బడుల్లో ఫలితాలు మరింత బలపడ్డాయి. ఇందులో ఉపాధ్యాయులను తప్పుపట్టాల్సింది లేదు. పాఠాలు, పరీక్షలు, మధ్యాహ్న భోజనం, యాప్‌లలో ఫొటోలు, సర్వేలు నెత్తిన పెట్టుకున్న మనిషికి ఒక బాలిక అరగంట ఏడుస్తుంటే పక్కన కూర్చునే తీరిక ఉండదు. తీరికను ఉద్యోగంలో భాగం చేసిన చోటే ఫలితం వచ్చింది. మారుమూల బడుల గురించి వేసే ప్రతి ప్రణాళికా ఈ ఒక్క పాఠంతో మొదలుకావాలి.

చట్టాలు, విధానాలు

2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. 2014 జనవరి 7న మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 10–19 ఏళ్ల వారి మానసిక ఆరోగ్యాన్ని తన అంశాల్లో చేర్చి, తోటి పిల్లల ద్వారానే అవగాహన కల్పించే పద్ధతి తెచ్చింది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చి 2018 మే 29 నుంచి అమలవుతోంది. ప్రభుత్వ మానసిక వైద్య సేవలు పొందడం హక్కని అది చెప్పింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలనీ చెప్పింది. 2020 ఫిబ్రవరిలో ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులను ఆరోగ్య రాయబారులుగా తయారుచేసి వారానికో గంట పాఠం చెప్పించాలని నిర్ణయించింది. అదే ఏడాది జాతీయ విద్యా విధానం బడులకు శిక్షణ పొందిన కౌన్సెలర్లు, సామాజిక కార్యకర్తలు అవసరమని గుర్తించింది. 2022 నవంబరులో ప్రకటించిన జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహం 2030 నాటికి ఆత్మహత్య మరణాలను 10 శాతం తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది.

విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతున్న విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. 100 లేదా అంతకంటే ఎక్కువ మంది విద్యార్థులున్న సంస్థలు పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సామాజిక కార్యకర్తను కనీసం ఒకరిని నియమించాలి. అంతకంటే చిన్నవి బయటి నిపుణులతో అధికారికంగా సంబంధం ఏర్పరచుకోవాలి. సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. ఆశ్రమ పాఠశాలలు, గురుకులాల్లో అత్యధికం మొదటి కోవకు చెందుతాయి. గూడెంలోని ఏకోపాధ్యాయ పాఠశాలలు రెండో కోవలోకి వస్తాయి. మండల స్థాయిలో కొన్ని బడులకు కలిపి ఒక కౌన్సెలర్‌ను ఇచ్చి, వారానికో రోజు తప్పనిసరిగా వెళ్లేలా చూడడం వీటికి అనువైన మార్గం.

వైద్యానికి దారి

ఉభయ రాష్ట్రాల్లో పేరున్న ప్రభుత్వ మానసిక వైద్యశాలలు విశాఖపట్నంలో, హైదరాబాద్ ఎర్రగడ్డలో ఉన్నాయి. పాడేరు నుంచి విశాఖకు సుమారు 110 కిలోమీటర్లు. లోపలి గూడేల నుంచి పాడేరు రావడమే ఒక రోజు పని. డోలీ మోసుకొచ్చే దారులు ఇంకా ఉన్నాయి. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఈ దూరం తగ్గించడానికే ఉద్దేశించింది. 2024-25 నుంచి పాడేరులో ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తుండడం మన్యానికి మంచి అవకాశం. అక్కడి వైద్యులు నెలకోసారి ఆశ్రమ పాఠశాలలకు వస్తే, మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే దొరికితే, నగర ప్రయాణాలు చాలావరకు తప్పుతాయి.

2022 అక్టోబరు 10న కేంద్రం ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లు, తెలుగుతో సహా పలు భాషల్లో ఉచితంగా అందుతోంది. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 ఉంది. అయితే సిగ్నల్ లేని గూడెంలో, ఫోన్ ముట్టనివ్వని హాస్టల్‌లో గోడ మీద రాసిన నంబరు వల్ల ప్రయోజనం లేదు. పిల్లలు ఎవరినీ బతిమాలకుండా, పక్కన ఎవరూ వినకుండా మాట్లాడుకునే ఫోన్ ప్రతి వసతి గృహంలో ఉండాలి. ఊళ్లో పురుగుమందులు తాళం వేసి, పిల్లలకు అందని చోట ఉంచడం కూడా ప్రాణాలు నిలిపే పనే. క్షణికావేశం దాటిపోయేంత వ్యవధి దొరికితే చాలామంది బతుకుతారు.

లోటుపాట్లు, చేయవలసినవి

శిక్షణలు ఒకటి రెండు రోజుల్లో ముగుస్తాయి. శిక్షణ పొందిన వారికి బదిలీ అవుతుంది. ఆశ్రమ పాఠశాలల్లో ఏఎన్‌ఎంలను నియమించాలని గిరిజన సంఘాలు ఏళ్లుగా కోరుతున్నాయి. కౌన్సెలర్లు దొరికినా కోయ, సవర, గోండి తెలిసినవారు అరుదు. ఆయా తెగల నుంచే డిగ్రీ చదివిన యువతను ఎంపిక చేసి, శిక్షణ ఇచ్చి, పక్కా వేతనంతో బడుల్లో నియమిస్తే భాష, నమ్మకం, ఉద్యోగం మూడూ ఒకేసారి సమకూరతాయి. మార్లవాయిలో 1943లో పంతుళ్ల విషయంలో జరిగింది ఇప్పుడు కౌన్సెలర్ల విషయంలో జరగాలి. ఉపాధ్యాయుల అలసటను, ఒంటరితనాన్ని కూడా పట్టించుకోవాలి. అడవి బడిలో కుటుంబానికి దూరంగా పనిచేసే పంతులు కుంగిపోతే పిల్లలకు ఆసరా ఇవ్వలేడు.

పాఠశాల యాజమాన్య కమిటీల్లో ఉన్న తల్లిదండ్రులు ఫలితాల శాతంతో పాటు మరో మూడు ప్రశ్నలు అడగాలి: మా పిల్లల మాట వినడానికి ఈ బడిలో పేరుతో సహా ఎవరున్నారు? వారికి వారంలో ఎన్ని గంటలు కేటాయించారు? అవసరమైతే ఏ డాక్టరు దగ్గరకు, ఏ బండిలో పంపుతారు? ఈ మూడింటికీ జవాబు చెప్పగలిగే ఏర్పాటు చేయడం ప్రభుత్వాల బాధ్యత. జవాబు వచ్చేదాకా అడుగుతూ ఉండడం మన అందరి బాధ్యత.